చిన్నదైపోయిన ముగ్గు

ఇది నాలుగు గీతల నోటుబుక్కులో రాస్తున్నాను. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు దిద్దుకునే రకం. పావగడ బస్టాండు దగ్గర అంగడిలో మా ఆయన ఇవి ఆరు అడిగితే అంగడాయన "మనవరాలికా అన్నా?" అన్నాడట. "లేదప్పా, మా ఇంటామెకు" అని చెప్పి తెచ్చాడు. రోజుకొక పేజీ, పై గీతకూ కింది గీతకూ తగిలేలా పెద్ద అక్షరాలతో రాయాలని డాక్టరు నాకు పెట్టిన పని. రామకోటి రాస్తే పుణ్యం కూడా వస్తుంది కదా అంది మా అత్త. రాముడికి నా సంగతంతా తెలుసు, ఊళ్లో వాళ్లకే సగం సగం తెలుసు. అందుకని నా కథే రాస్తున్నాను.

నా పేరు సుజాతమ్మ. మడకశిర వైపు పుట్టి, పదో తరగతి దాకా తెలుగులో చదివి, సరిహద్దు దాటి కర్ణాటకలో పావగడ దగ్గరి వల్లూరుకు కోడలిగా వచ్చాను. ఇంట్లో మేం నలుగురం. నేను, మా ఆయన తిప్పేస్వామి, మా అత్త నాగమ్మ, పావగడలో డిగ్రీ చదివే మా కూతురు పల్లవి. ఒకప్పుడు వేరుశనగ పండిన మా చేను ఇప్పుడు సోలార్ పార్కు పలకల కింద ఉంది. మా ఆయన ఆ పార్కులోనే సెక్యూరిటీ పని చేస్తాడు. నేను పలకలు కడిగే ఆడవాళ్ల గుంపులో ఉండేదాన్ని. నాకు వచ్చిన జబ్బు పేరు పార్కిన్సన్స్. మెదడులో ఒక మూల కణాలు కొద్దికొద్దిగా చచ్చిపోతూ వస్తాయి, ఒళ్లు మన మాట వినడం తగ్గిపోతుంది. మాత్రలకు లొంగి ఉంటుంది గానీ పూర్తిగా పోగొట్టే మందు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో మా ఇంటి ముందు ముగ్గుకు కూడా చిన్న చోటు దొరికింది.

ముగ్గుతోనే మొదలైంది మరి. నాకు ముగ్గంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఇల్లు చిన్నదైనా వాకిలి పెద్దది మాకు. తెల్లవారగానే పేడనీళ్లు చల్లి, ఇరవై ఒక్క చుక్క పెట్టి ముగ్గు కలిపితే గానీ నాకు కాఫీ దిగేది కాదు. కాలేజీకి బయల్దేరేముందు పల్లవి దాన్ని ఫొటో తీసి తన ఫోన్ స్టేటస్‌లో పెట్టేది. ఒక ఏడాది ఉగాది దాటాక మా అత్త వాకిట్లో నిలబడి నా వైపు అదోలా చూసింది.

"ఏమే, ముగ్గుపిండికి కరువొచ్చిందా? దోసె అంత ఏసినావు."

నేను ఎప్పటిలాగే వేశాననుకున్నాను. చుక్కలు లెక్కపెట్టి చూపించాను, ఇరవై ఒకటీ ఉన్నాయి. కానీ అన్నీ దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉన్నాయి. మరుసటి శ్రావణానికి అది పూరీ అంత అయింది. పిసినారితనం ముసలితనంలో వస్తుందనుకున్నానే, నీకు ఇప్పుడే వచ్చిందేమే అని అత్త ఎత్తిపొడిచేది. నాకు కోపం వచ్చేది కానీ ముఖంలో కనబడేది కాదు. అసలు ఏదీ కనబడేది కాదు. నవ్వొచ్చినా ముఖం కదిలేది కాదట, ఆ సంగతి నాకు తెలియదు.

దానివల్ల మా ఆయన ఆరు నెలలు నరకం అనుభవించాడు. నేను తన మీద అలిగానని అనుకున్నాడు. ఏ తప్పు చేశాడో తెలియక, గుర్తున్న తప్పులన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ ఇచ్చిన గొర్రెపిల్లను నాకు చెప్పకుండా తన అక్కకు ఇచ్చినది కూడా అలాగే బయటపడింది. అది చచ్చిపోయిందని ఇన్నేళ్లూ నాతో చెప్పాడు. వారానికోసారి మల్లెపూలు తెచ్చేవాడు. నాకు ఆ వాసన తగిలేది కాదు. పొయ్యి మీద పప్పు మాడుతుంటే వీధి చివరి నుంచి అత్త అరిచేది, పక్కనే కూర్చున్న నాకు తెలిసేది కాదు.

పనిలో మొదట ఎవరికీ అనుమానం రాలేదు. పలక మీద నీళ్లు పోసి పొడుగు కర్రకు కట్టిన బ్రష్‌తో తోమాలి. నా వరుస సగంలో ఉండగానే మిగతావాళ్లు వాళ్ల వరుసలు ముగించి చెట్టు నీడకు చేరేవాళ్లు. కుడిచెయ్యి బరువుగా ఉండేది, భుజం పట్టేసేది. పావగడలో చూపిస్తే ఒకరు నీరసమన్నారు, ఒకరు మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లన్నారు. మాకు పళ్లు పసుపెక్కినా మోకాళ్లు నొచ్చినా ఆ నీళ్ల మీదికే పోతుంది నెపం, కాబట్టి నేనూ నమ్మాను. చివరికి బొటనవేలు దానంతట అదే ఊగడం మొదలయ్యాక, కొత్తగా వచ్చిన ఒక చిన్న డాక్టరు నన్ను ఆ గోడ నుంచి ఈ గోడకు నడిపించి, కుడిచెయ్యి ఊగడం లేదని చూసి బెంగళూరుకు చీటీ రాసిచ్చాడు.

బెంగళూరు పెద్దాసుపత్రిలో మొదటిసారి కూర్చున్న ఆ వరండా నేను మరచిపోను. బెంచీల నిండా నాలాంటివాళ్లే. ఒకరికి తల ఊగుతోంది, ఒకరికి కాలు. నా పక్కన రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన నీళ్ల సీసా మూత తీయలేక తిప్పలు పడుతున్నాడు. ఇటివ్వమని నేను తీసుకున్నాను, నా వల్లా కాలేదు. చివరికి ఆయన సీసా గట్టిగా పట్టుకున్నాడు, నేను రెండు చేతులతో మూత పట్టుకున్నాను. మేము తిప్పలేదు, మా ఇద్దరి వణుకే దాన్ని తిప్పింది. మూత ఊడివచ్చి నీళ్లు మా ఆయన చొక్కా మీద పడ్డాయి. కండక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను, ముఖం కదలకపోయినా లోపల మాత్రం బాగా నవ్వాను. భయంతో బిగుసుకుపోయి వచ్చినదాన్ని, ఆ నవ్వుతోనే డాక్టరు గదిలోకి వెళ్లాను.

డాక్టరు జబ్బు పేరు చెప్పి, మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలన్నాడు. నేను ఒక్కటే అడిగాను.

"మా వాకిట్లో ముగ్గు నేనే ఏసుకునేకి అయితాదా సార్?"

చాలా ఏళ్లు వేసుకోవచ్చు, కానీ మీరూ కష్టపడాలి అన్నాడాయన. బయటికి వచ్చాక మా ఆయన గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. "ఈమె నా మింద అలగలేదంట" అన్నాడు పక్కనున్న కండక్టరుతో. ఏడ్చింది దుఃఖంతోనో నిశ్చింతతోనో నాకు ఇప్పటికీ తెలియదు. గొర్రెపిల్ల సంగతి మాత్రం నేను వదల్లేదు.

మాత్రలు వేసుకున్న నెలకే చెయ్యి తేలికైంది. ముగ్గు మళ్లీ దోసె అంత అయింది. ఇక్కడే నేను ఒక తెలివితక్కువ పని చేశాను, చదివేవాళ్లు అది చేయకూడదనే రాస్తున్నాను. పెద్ద మాత్రలు ఎక్కువ రోజులు వేసుకుంటే కిడ్నీలు పోతాయని పలకల దగ్గర ఎవరో అన్నారు. బాగానే ఉన్నాను కదా అని ఎవరికీ చెప్పకుండా పొద్దుటి మాత్ర మానేశాను. కొన్నాళ్లకు కాళ్లు మొండికేశాయి. ఇంట్లో నడిచేదాన్ని, గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. మనసు వెళ్లమంటుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది, కాళ్లు మాత్రం కదలవు. పనికి పోవడం మానేశాను.

మాఘమాసంలో ఒక వారం పల్లవి పరీక్షలని పావగడలో స్నేహితురాలి ఇంట్లో ఉంది. మా అత్త జాతరకని తన చెల్లెలి ఊరికి పోయింది. రోజూ చెయ్యి పట్టి నన్ను గడప దాటించేది వాళ్లే. మా ఆయనది పొద్దుటి డ్యూటీ. ముగ్గుపిండి డబ్బా చేత పట్టుకుని గడప లోపల నిలబడ్డాను. గడప ఎత్తు నాలుగు వేళ్లు ఉంటుందేమో. దాటలేకపోయాను. పక్కింటివాళ్లు చూస్తారని సిగ్గేసి, తలుపు మూసి లోపలే కూర్చుని ఏడ్చాను. అలా మూడు రోజులు వాకిలి బోడిగా ఉంది.

ముగ్గు లేని వాకిలి అంటే మా వైపు చావు జరిగిన ఇల్లనే లెక్క. మూడో రోజు మా ఆడబిడ్డ భర్త హనుమంతప్ప అన్న రాయచెర్లు నుంచి బైక్ మీద పావగడకు పోతూ మా వీధిలోంచి వెళ్లాడు. ఎప్పుడూ ముగ్గుతో ఉండే వాకిలి బోడిగా ఉంది, తలుపు మూసి ఉంది. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు గేటు దగ్గర పెట్టేయాలి. హనుమంతప్ప అన్నకు ఇంకేమీ తోచలేదు. అత్త పోయింది, అల్లుడికి కబురు కూడా పెట్టలేదు అనుకున్నాడు. బండి తిప్పి ఊరికి పోయి, భార్యనూ ఇద్దరు దాయాదులనూ షేర్ ఆటోలో ఎక్కించుకుని, దారిలో పెద్ద పూలమాల కొనుక్కుని వచ్చాడు.

మా ఆడబిడ్డ వీధి మలుపు దగ్గరే మొదలుపెట్టిన ఏడుపు ఇంటి తలుపు దాకా వినబడింది. నేను లోపల కాళ్లు అతుక్కుని నిలబడి, ఎవరు పోయారో తెలియక నేనూ ఏడ్చాను. నా ఏడుపు విని వాళ్లకు రూఢి అయిపోయింది. సరిగ్గా ఆ వేళకే జాతర బొరుగుల మూట నెత్తిన పెట్టుకుని మా అత్త బస్సు దిగి వచ్చింది. వాకిట్లో జనాన్నీ అల్లుడి చేతిలో మాలనూ చూసి మూట దించింది.

"ఎవురు పోయినారప్పా?"

హనుమంతప్ప అన్న మాలను వెనక్కి దాచబోయాడు, అది దాగేంత చిన్నది కాదు.

"నువ్వే అత్తా" అన్నాడు చివరికి.

మా అత్త ఆ మాల లాక్కుని, పూలు తెంపి దొడ్లో గొర్రెలకు వేసింది. "మూడు దినాలు ముగ్గు ల్యాకపోతే సంపేస్తావా నన్ను? తలుపు తట్టి అడిగేకి నోరు ల్యాదా నీకి?" అని అల్లుణ్ణి దులిపి, తరువాత అందరికీ బొరుగులు పంచింది. లోపలికి వచ్చి నన్ను చూసింది. డబ్బా పట్టుకుని, కళ్లనీళ్లతో, గడపకు ఇవతల నిలబడి ఉన్నాను. ఆ ఒక్కరోజే ఆమె నన్ను ఏమీ అనలేదు. నా చేతిలోని డబ్బా తీసుకుని నా పక్కన నిలబడింది. ఆమె చెయ్యి నా వీపు మీద చాలాసేపు ఉంది.

మరునాడు పొద్దున అత్త గొర్రెల దగ్గర ఉండగా మా ఆయన డబ్బా తీసుకున్నాడు. మగవాళ్లు ముగ్గు వేయడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. కానీ మళ్లీ ఏ అల్లుడైనా మాలతో వస్తాడేమోనని ఆయనకు భయం. చుక్కలూ మెలికలూ ఆయనకు రావు. వచ్చింది ఒక్కటే, చేనులో విత్తనం వేసేటప్పుడు సాలు తిన్నగా తోలడం. గడప ముందు నుంచి వీధి దాకా అడ్డంగా ఏడు గీతలు, అడుగుకొకటి, సాళ్లలాగా గీశాడు. ఎదురింటి ఆమె చూసి "ఏమన్నా, శెనక్కాయలు ఇత్తుతాండావా?" అని అడిగింది.

నేను నవ్వుతూ చూడటానికి గడప దగ్గరికి వచ్చాను. మొదటి గీత కాలి ముందే ఉంది. ముగ్గు తొక్కకూడదు, అది పుట్టిన నాటి నుంచీ నాలో ఉన్నదే. కాలు దానంతట అదే లేచింది. గడపనూ గీతనూ దాటి పడింది. తరువాతి గీత, ఆ తరువాతి గీత. ఏడు గీతలూ దాటి వీధిలో నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన పిండి చేతులతో నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"సుజాతా, నడిసినావు కదే" అన్నాడు.

నాకు వీధంతా ఎత్తుకుని ముద్దాడాలనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, పలకల మధ్య నేను ఎన్నడూ ఇరుక్కోలేదని. అక్కడ నేల మీద వరుసగా నీడల చారలు ఉంటాయి.

ఆ వారమే బెంగళూరు పోయి మాత్ర మానేసిన సంగతి ఒప్పుకున్నాను, తిట్లు తిన్నాను. గీతల సంగతి చెప్పగానే డాక్టరు ఒక అమ్మాయిని పిలిపించాడు. పేరు చైత్ర. మెదడు జబ్బులు ఎందుకు వస్తాయి, ఎప్పుడు మొదలవుతాయి అని పరిశోధన చేసే డాక్టరు. కంటికి గీత కనబడితే మెదడు వేరే దారిలో కాళ్లకు కబురు పంపుతుందని, అది వాళ్లకు తెలిసినదేనని చెప్పింది. "కానీ ముగ్గుతో అని ఇప్పుడే వింటున్నాను" అని నవ్వి, తమ పరిశోధనలో చేరతారా అని అడిగింది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. ఏ బావి నీళ్లు తాగారు, వేరుశనగకు ఏ మందు కొట్టారు, చేతులతోనే కలిపేవాళ్లా, మీ అమ్మకు చెయ్యి వణికేదా. ఇన్నింటిలో ఏది కారణమో చెప్పమని అడిగితే, "తెలిస్తే ఇన్ని ప్రశ్నలు అడగను కదమ్మా" అంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నత్తగుల్లలాగా చుట్టలు చుట్టుకుంటూ పోయే గీత ఒకటి గీయమంది. నాది మధ్యలోనే ఆవగింజంత అయిపోయింది.

"శానా రోజుల నుంచీ ఇంతేనమ్మా, మా ముగ్గు కూడా చిన్నదైపోయింది" అన్నాను.

ఎప్పటి నుంచి అని ఆమె అడిగింది. నాకు గుర్తులేదు. పక్కనున్న పల్లవి ఫోన్ తీసింది. పీయూసీలో, అంటే ఇంటర్‌లో, చేరిన రోజు నుంచీ తీసిన ముగ్గు ఫొటోలన్నీ అందులో ఉన్నాయి, తేదీలతో సహా. వరుసగా చూపిస్తూ పోతే చాపంత ముగ్గు నెమ్మదిగా దోసె అయింది, పూరీ అయింది. బొటనవేలు ఊగడానికి మూడేళ్ల ముందే అది కుంచించుకోవడం మొదలైంది. చైత్ర కుర్చీ దగ్గరికి లాక్కుంది. జబ్బు బయటపడకముందు ఏం జరుగుతుందో తెలియకే మేం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం, ఇలా రోజూ రాసిపెట్టినట్టు ఎవరి దగ్గరా ఉండదు అంది. ఫొటోలన్నీ అడిగి తీసుకుంది.

పల్లవి మాత్రం ఫోన్ ఇచ్చేసి తలవంచుకుంది. "రోజూ నేనే తీసినాను మేడం. చిన్నదైతాందని నాకే తెలీలేదు" అంది. తరువాత చిన్న గొంతుతో అడిగింది. "నాకూ వస్తాదా?"

ఆ ప్రశ్న నేను అడగడానికి భయపడి దాచుకున్నదే. చాలామందిలో ఇది తల్లి నుంచి బిడ్డకు రాదని, అయినా రాదని ఒట్టేసి చెప్పలేమని, అందుకే ఈ పని చేస్తున్నామని చైత్ర చెప్పింది. పరిశోధనలో చేరే కాగితం మీద అక్కడే వేలిముద్ర వేస్తానన్నాను. పది చదివారు కదా, సంతకం చేయండి అంది. చీమంత సంతకం చేశాను.

పోల్చి చూడటానికి జబ్బు లేని, రక్తసంబంధం లేని మనిషి కూడా కావాలన్నారు. తరువాతిసారి మా అత్త వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, వాసన పరీక్షలో చీటీ గీకడం ఆలస్యం, నిమ్మకాయ, సబ్బు, పొగ అని చెప్పేసింది. ఒకదానికి మాత్రం "ఇది మా ఊర్లో ల్యాదు" అని తేల్చింది, అది ఏదో విదేశీ పండట. గుండ్రని గీత కాగితం అంచు దాటి బల్ల మీదికి పోయింది. ఇప్పుడు ఊళ్లో ఎవరు కనబడినా "బెంగళూరు డాక్టర్లు నా మెదడు సూసి మెచ్చుకున్నారు" అని చెబుతుంది.

దసరా తరువాత నన్ను ఒక కొత్త మందు పరీక్షలో కూడా చేర్చుకున్నారు. పాత మాత్రలకు తోడుగా ఇంకొకటి. అది నిజం మందో ఉత్త బిళ్లో నాకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ఉత్త బిళ్లలిచ్చేకి అంత దూరం పిలిపించేది యాల అని అత్త గొణిగింది. మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేలాలంటే అంతేనట. ఫలితం ఇంకా తెలియదు. దాంతోపాటు అన్నీ పెద్దగా చేయమన్నారు. పెద్ద అడుగు, పెద్ద మాట, పెద్ద అక్షరం. చెయ్యి చాచినప్పుడు ఇది మరీ ఎక్కువైంది అనిపించాలట, అప్పుడే అందరిలా ఉంటుందట. అప్పటి నుంచీ వీధిలో అలా చేతులు ఊపుకుంటూ నడుస్తుంటే ఎన్నికల్లో నిలబడుతున్నావా అక్కా అని అడిగినవాళ్లున్నారు.

మా ఆయన గీతలు మాత్రం ఆపలేదు. డ్యూటీకి పోయేముందు రోజూ ఏడు సాళ్లు. పనికి పోవడం నాకు ఇంకా కుదరలేదు, సాయంత్రాలు ఇప్పటికీ కాళ్లు బరువెక్కుతాయి, అవన్నీ ఉన్నాయి. కానీ మొన్న ఉగాది పొద్దున, మాత్ర పడిన ముప్పావు గంటకు, ఆయన చేతిలోంచి డబ్బా నేను తీసుకున్నాను. ఇరవై ఒక్క చుక్క. ప్రతి చుక్కకూ ఇది మరీ దూరమైంది అనుకుంటూనే పెట్టాను. నడుము లేపి చూసేసరికి ముగ్గు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, గడప అంచు దాకా పరుచుకుంది. గీతలు వంకరే, కొన్నిచోట్ల వణుకు స్పష్టంగా తెలుస్తోంది. పల్లవి మెట్టెక్కి ఫొటో తీసి అక్కడికక్కడే చైత్రకు పంపింది.

మా అత్త గొర్రెలు విప్పడానికని వచ్చి గడప మీద ఆగిపోయింది. కాలు పెట్టడానికి చోటు లేదు.

"ఏమే, ఇంట్లో పిండి మిగిలుండాదా ల్యాదా? ఇంత ఏసినావు, ఇప్పుడు నేను యాడ కాలు పెట్టేది?"

ఆ తిట్టు కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆమెకు తెలియదు.

"కాలెత్తి పెద్దడుగు ఎయ్యత్తా" అన్నాను.

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గొణుక్కుంటూ, ఒక్కో గీతా దాటుకుంటూ వీధిలోకి వెళ్లింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను.